మనిషికో రాయి

ఆ ఊళ్లో ఒక్కడే దర్జీ ఉండేవాడు. ఊరు సముద్రం ఒడ్డున ఉంది. ఊరి వెనక కొండ ఉంది. కొండ మీద రాజు మేడ ఉంది.

కొండ ఒకప్పుడు అందరిదీ. మేకలు అక్కడే మేసేవి. ఆడవాళ్లు పొయ్యిలోకి పుల్లలు అక్కడే ఏరుకునేవారు. ఉక్కపోసే రోజుల్లో ముసలివాళ్లు వెళ్లి బండల మీద నడుం వాల్చేవారు. రాజు పట్టానికొచ్చాక కొండ మీద తోట వేయించాడు. తోటలోకి మేకలు రాకుండా చుట్టూ గోడ కట్టించాడు. ఆ గోడకోసం, మేడ మెట్లకోసం చుట్టుపక్కలున్న రాయంతా కొండెక్కింది. పాత రేవు మెట్లు, వాగు గట్టుకి పేర్చిన బండలు, పడవలు కట్టే రాతి గుంజలు, చివరికి బట్టలుతికే చాకిరేవు రాళ్లు కూడా.

సున్నంలో కలపడానికి ఇసుక కావాలన్నారు. ఊరికీ సముద్రానికీ మధ్య తాటిచెట్టంత ఎత్తున ఇసుక దిబ్బలుండేవి. వాటిని బండ్లకెత్తారు. దిబ్బలు పోయాక ఇళ్లలోకి గాలి బాగా వస్తోందని జనం సంతోషించారు కూడా. వాగు నోరు పూడ్చి ఆ మెత్తటి నేల మీద వరసగా ఇళ్లు కట్టారు. గోడ కట్టిన కూలీలకే ఆ ఇళ్లిచ్చారు. వాళ్లు రాజుకి దణ్ణం పెట్టి అందులో చేరారు.

గోడకి ఒకటే తలుపు. టేకు చెక్క, ఇనప పట్టీలు. తాళంచెవి దివాను మొలకి వేలాడుతూ ఉండేది.

దర్జీకి ఊళ్లో అందరి ఒళ్లూ తెలుసు. ఎవరి భుజం ఒక పక్కకి వాలుతుందో, ఎవరి నడుం ఏడాదికెంత పెరుగుతుందో, ఎవరికి చంక దగ్గర వదులు కావాలో అతనికి నోటికొచ్చు. మొహాలు మాత్రం అంతగా గుర్తుండేవి కావు. పనిలో ఉన్నప్పుడు తలెత్తి చూసే అలవాటు లేదు అతనికి. ఇంట్లోనూ అంతే.

రాజుకి అరవై నిండబోతున్నాయి. ఉత్సవం రోజున తొడుక్కోవడానికి పాదాల దాకా వచ్చే పట్టు అంగరఖా కావాలన్నాడు. ఆ పొద్దున దర్జీ గుడ్డ మూట చంకన పెట్టుకుని బయల్దేరుతుంటే భార్య గుమ్మంలోకి వచ్చి ఏదో అంది. "వచ్చాక చూద్దాంలే" అని వెళ్లిపోయాడు. ఆమె ఏమందో ఆ తర్వాత ఎంత తలుచుకున్నా అతనికి గుర్తు రాలేదు.

సముద్రం అడుగున, ఏ వలా అందనంత లోతులో, రెండు రాతి పలకలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. అలా ఆనుకుని కొన్ని వందల ఏళ్లయింది. ఒకటి తోస్తోంది. రెండోది ఓర్చుకుంటోంది. ఆ పొద్దున రెండోది ఇక ఓర్చుకోలేక జారింది. దానికి ఎవరి మీదా కోపం లేదు. పైన ఒక ఊరుందని కూడా దానికి తెలీదు.

మేడలో దర్జీ రాజు వెనక మోకాళ్ల మీద కూచుని అంచు మడుస్తున్నాడు. గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకోవడం అతని అలవాటు. ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చుతున్నాడు. ముందుగా గాజు దీపాలు గలగలమన్నాయి. తర్వాత నేల ఊయల పలకలా ఊగింది. గోడ మీద బొమ్మలు రాలిపడ్డాయి. ఒక చొక్కా చేతికి అంచు మడిచి కుట్టేంత సేపు ఊగి, ఆగిపోయింది.

రాజు ఊపిరి పీల్చుకున్నాడు. లోపల ఉండటానికి భయమేసి వసారాలోకి వచ్చి నిలబడ్డాడు. దర్జీ కూడా అంగరఖా అంచు పట్టుకుని మోకాళ్ల మీదే జరుగుతూ వెనకే వచ్చాడు.

"కానీ. ఇంకెంత ఉంది?" అన్నాడు రాజు.

కింద ఊళ్లో ఇళ్లు కూలిన దుమ్ము లేస్తోంది. ముందుగా పూడ్చిన వాగు మీది ఇళ్లు కూలాయి. తర్వాత తక్కినవి. బతికినవాళ్లు గోడలకి దూరంగా బయలు ప్రదేశం చూసుకుని పరిగెత్తారు. ఆ ఊళ్లో మిగిలిన బయలు ప్రదేశం ఒక్కటే. ఇసుక ఒడ్డు.

"అదేమిటోయ్, సముద్రం ఎటు పోయింది?" అన్నాడు రాజు. గొంతులో భయం లేదు, వింత చూసినవాడి ఉత్సాహం ఉంది.

దర్జీ తలెత్తలేదు. అంచు దగ్గర గుడ్డ ముడత పడుతోంది. అతని చూపంతా దాని మీదే ఉంది.

కింద సముద్రం చాలా దూరం వెనక్కి జరిగింది. ఎన్నడూ బయటపడని నేల బయటపడింది. చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. కొందరు నవ్వుతూ తట్టలు తీసుకుని దిగారు కూడా. ఒక ముసలి బెస్తవాడు నెత్తి బాదుకుంటూ "కొండకి! కొండకి!" అని అరిచాడు. అప్పుడు జనం కొండ వైపు తిరిగారు.

కాసేపటికి తలుపు దగ్గరి కాపలావాడు వగరుస్తూ వసారా కిందకి వచ్చాడు.

"ప్రభూ, ఊరంతా తలుపు దగ్గరకి వచ్చింది. తియ్యమంటున్నారు."

పక్కనే ఉన్న దివాను విసుక్కున్నాడు. "అదురు ఆగిపోయింది కదా? మూకంతా లోపలికొస్తే మొన్న నాటిన అంట్లన్నీ తొక్కి పారేస్తారు."

"సముద్రం వస్తుందంటున్నారు బాబూ. మా అమ్మ కూడా ఉంది అందులో."

తలుపు బాదుతున్న చప్పుడు వసారాలోకి వినిపిస్తోంది. అరిచేతులతో బాదుతున్న చప్పుడు. పేర్లు పెట్టి పిలుస్తున్నారు. దివానుని, కాపలావాణ్ణి. దర్జీకి తన పేరు కూడా వినబడ్డట్టు అనిపించింది. చేతిలో గుడ్డ ఆగింది.

రాజు కదిలితే సూదులు గుచ్చుకుంటాయి. అందుకని మెడ మాత్రం తిప్పి దర్జీని అడిగాడు. "ఎంత సేపోయ్ నీ పని?"

దర్జీ పెదవుల మధ్య రెండు సూదులు మిగిలాయి. నోరు తెరిస్తే రాలిపోతాయి. అందుకని రెండు వేళ్లు చూపించాడు.

"రెండు నిమిషాలు ఆగమను. అయిపోగానే తియ్యొచ్చు" అన్నాడు రాజు.

కాపలావాడు వెళ్లాడు.

ఒక సూది గుచ్చాడు దర్జీ. అప్పుడు కింది నుంచి ఒక చప్పుడు వచ్చింది. వెయ్యి బండ్లు రాళ్ల మీద ఒక్కసారి దొర్లినట్టుంది. మేడ మళ్లీ అదురుతోందేమోనని రాజు స్తంభం పట్టుకున్నాడు. మేడ అదరలేదు. గోడ అదిరింది. నీళ్లు గోడ సగం దాకా లేచి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి లాగేశాయి.

తలుపు చాలా గట్టిది. విరగలేదు. బాదడం మాత్రం ఆగిపోయింది.

కాపలావాడు దివాను మొల నుంచి తాళంచెవి తెంపుకుని పరిగెత్తాడు. ఎవరూ ఆపలేదు. తాళం తిప్పి తలుపు తోశాడు. తెరుచుకోలేదు. అటువైపు బరువుంది.

దర్జీ అక్కడే నిలబడి ఉన్నాడు. మిగిలిన సూది ఇంకా పెదవుల మధ్యే ఉంది. కింది పెదవి చీలి గడ్డం మీదకి నెత్తురు కారుతోంది. అతనికది తెలీలేదు.

*

ఊరు లేదు. ఊరున్న చోట నల్లటి బురద, అందులో వాసాలు, వలలు, తిరగబడ్డ పడవలు. దర్జీ తన ఇల్లు ఎక్కడుండేదో వెతుక్కుంటూ మూడుసార్లు ఆ బురదలో అటూ ఇటూ నడిచాడు. ఆనవాలు దొరకలేదు. భార్యని పిలవాలనుకున్నాడు. పిలవకుండానే ఒక్కో వాసం ఎత్తి చూశాడు.

మొత్తం మీద బతికినవాళ్లు కొద్దిమంది. తాటిచెట్టు పట్టుకుని వేలాడినవాళ్లు, పడవల్లో దూరంగా ఉన్నవాళ్లు, ఆ రోజు పొరుగూరు వెళ్లినవాళ్లు. వాళ్లు పోయినవాళ్లని ఏరి తెచ్చి, ఒడ్డున చేపలెండబెట్టే మైదానంలో వరసగా పడుకోబెట్టారు. వరస అయ్యాక రెండో వరస వేశారు. తర్వాత వరసలు చూడటం మానేశారు.

ఎండ మండిపోతోంది. రెండో రోజుకే మొహాలు మొహాల్లా లేవు. ఒకే శవం దగ్గర ఇద్దరు తల్లులు కూచుని నా బిడ్డంటే నా బిడ్డని ఏడ్చారు. అప్పుడు మసేను అనే బెస్తవాడి భార్యకి తట్టింది. తాటిచెట్టు పట్టుకుని బతికిన మనిషి ఆమె.

"దర్జీని పిలవండి. మొహం పోయినా కుట్టు పోదు" అంది.

దర్జీ వచ్చాడు. మొదటి శవం దగ్గర మోకాళ్ల మీద కూచున్నాడు. చొక్కా మెడపట్టీ వెనక్కి తిప్పి వేలితో తడిమి చూశాడు.

"ఇతను మసేను" అన్నాడు. "ఎడం చెయ్యి రెండంగుళాలు పొట్టిగా పెట్టమన్నాడు. వల లాగేటప్పుడు తడుస్తోందని."

మసేను భార్య తల ఊపింది. తర్వాత అక్కడే కూలబడింది.

"ఈమె లోవమ్మ. బిడ్డకి పాలివ్వడానికి రవిక ముందు విప్పుకునేలా కుట్టమంది."

"ఇతను సింహాద్రి. లోపలి వైపు చిన్న జేబు పెట్టమన్నాడు. పొగాకు దాచుకోవడానికి. ఇంట్లో చెప్పొద్దన్నాడు."

సింహాద్రి భార్య ఆ జేబులో వేలు పెట్టి చూసింది. పొగాకు నానిపోయి ఉంది. ఆమె నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే కేకైపోయింది.

కాపలావాడు కూడా వచ్చి నిలబడ్డాడు. దర్జీ ఒక తెల్లచీర మనిషి తొడుక్కున్న పొడుగుచేతుల రవిక చూసి, చెప్పడానికి తటపటాయించాడు.

"చెప్పు" అన్నాడు కాపలావాడు.

"తవిటమ్మ. మీ అమ్మ. చలేస్తోందని చేతులు పొడుగు పెట్టించుకుంది."

"తలుపు దగ్గర నుంచి తెచ్చినవాళ్లలో ఉందా?"

"ఉంది."

కాపలావాడు వంగాడు. తల్లి అరిచేతులు తిప్పి చూశాడు. చాలా సేపు చూసి, మళ్లీ బోర్లించి పెట్టాడు.

తర్వాత ఒక చిన్న గౌను వచ్చింది. దర్జీ అంచు పట్టుకుని మడతలు చూశాడు. ఏటేటా ఒక మడత విప్పుకోవచ్చని, పిల్ల తల్లి అడిగితే మూడు మడతలు పెట్టి కుట్టాడు అతను. ఒక మడత విప్పి ఉంది. రెండు మడతలు అలాగే ఉన్నాయి.

"పైడితల్లి" అన్నాడు. లేచి పక్కకి వెళ్లి నిలబడ్డాడు. ఎవరూ తొందర పెట్టలేదు. తనే తిరిగొచ్చి మళ్లీ కూచున్నాడు.

అలా ఆ రోజు, మర్నాడు, ఆ మర్నాడు. తనకి ఆకలేస్తోందో లేదో అతనికి తెలీలేదు. ఎవరో నోట్లో గంజి పోస్తే మింగాడు. కుట్టు చూడటం, పేరు చెప్పడం. అతను పేరు చెప్పిన ప్రతి మనిషికీ విడిగా గొయ్యి తీశారు.

అతను పేరు చెప్పలేనివాళ్లు కూడా ఉన్నారు. పై ఊళ్ల నుంచి చేపలు కొనడానికి వచ్చినవాళ్లు, దారిన పోయేవాళ్లు. వాళ్ల బట్టలు చూసి "నా కుట్టు కాదు" అనేవాడు. వాళ్లని మోసుకెళ్లి సరుగుడు చెట్ల పక్కన తవ్విన పెద్ద గోతిలో అందరితో కలిపి పెట్టేవారు.

పేర్లు చెప్పడం మొదలైన రెండో రోజు మధ్యాహ్నం ఒక ఆడమనిషిని అతని ముందు దించారు. రవిక రకరకాల ముక్కలు అతికి కుట్టింది. ఆకుపచ్చ, గళ్లది, పువ్వులది, ఏ ముక్కా బెత్తెడు మించి లేదు. కుట్టు సన్నగా, దగ్గరగా, ముత్యాల పేరులా ఉంది. వాలు మాత్రం ఎడమకి ఉంది. దర్జీ దాన్ని ఒక్క క్షణం మెచ్చుకోలుగా చూశాడు.

"మంచి చెయ్యి" అన్నాడు. "నా కుట్టు కాదు."

ఆమెని గోతి వైపు తీసుకెళ్లారు.

ప్రతి కొత్త శవం దగ్గరా భార్యేమోనని చూసేవాడు. భార్య కాదు. ఇంకోటి. భార్య కాదు. మూడో రోజు సాయంత్రానికి మైదానం ఖాళీ అయింది. ఆమె రాలేదు. రాలేదంటే ఎక్కడో బతికే ఉందన్న ఆశ అతన్ని పట్టుకుంది. పొరుగూళ్లో చెల్లెలింటికి వెళ్లి ఉంటుంది. ఆ పొద్దున గుమ్మంలో చెప్పింది ఆ మాటే అయి ఉంటుంది.

నాలుగో రోజు పక్కింటి ముసలామె కనిపించింది. అలకి కొట్టుకుపోయి పక్క రేవులో తేలిన మనిషి. కాలికి కర్రలు కట్టి ఉన్నాయి. ఆమెకి కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు పోయారు. నలుగురి పేర్లూ దర్జీయే చెప్పాడని విని, చూడటానికి వచ్చింది.

"మీ ఆవిడ దొరికిందా నాయనా?"

"లేదమ్మా. చెల్లెలింటికి వెళ్లిందేమో."

"ఎక్కడి చెల్లెలు? అదురు ఆగాక ఇద్దరం కలిసే కొండకి పరిగెత్తాం. నా చెయ్యి పట్టుకునే ఉంది, తలుపు దాకా. నిన్నే పిలిచింది. లోపలే ఉన్నాడు, మా ఆయన వింటే తీయిస్తాడు అని అందరికీ చెప్పింది."

దర్జీ కొండ మీది తలుపు వైపు తిరిగి చూశాడు.

"తన రవికే వేసుకుని ఉంది. ఆ ముక్కల రవిక."

"ఏ ముక్కల రవిక?"

ముసలామె అతని మొహంలోకి చూసింది. "నువ్వు బల్ల కింద పడేసే గుడ్డముక్కలు ఏరుకుని, ఒకదానికొకటి అతికి తనే కుట్టుకునేది కదయ్యా. నువ్వు మధ్యాహ్నం కునుకు తీసే వేళకి మా అరుగు మీద కూచుని కుట్టేది. పదిహేనేళ్ల నుంచి వేసుకుంటున్నవి అవే. ఎడం చేత్తో కుట్టేది, ఎంత బాగా కుట్టేదో. నువ్వెప్పుడూ చూడలేదా?"

దర్జీ లేచాడు. సరుగుడు చెట్ల వైపు నడిచాడు, తర్వాత పరిగెత్తాడు. గొయ్యి అప్పటికే పూడ్చేశారు. పైన మట్టి చదునుగా ఉంది. అతను రెండు చేతులా మట్టి తోడటం మొదలుపెట్టాడు. తవ్వినవాళ్లు వచ్చి పట్టుకున్నారు.

"అందులో నలభై మందికి పైన ఉన్నారు. వద్దు బాబూ, ఇక చూడలేవు" అన్నారు.

అతను ఆ మట్టి మీదే కూచున్నాడు. ఏడుపు రాలేదు. తన కుడిచేతి వేళ్లు చూసుకుంటూ కూచున్నాడు.

*

పదకొండో రోజున రాజు శోకసభ పెట్టించాడు. అంతకుముందురోజు దర్జీకి కబురొచ్చింది. అంగరఖా రంగుది కనక ఆ కొలతలతోనే తెల్లది కుట్టి తెమ్మని. దర్జీ ఒట్టి చేతులతో వచ్చి జనం మధ్య కూచున్నాడు.

సభ తలుపు ముందరే జరిగింది. దివాను ఒక కాగితం విప్పి చదివాడు.

"భూమి అదిరింది కనక సముద్రం పొంగింది. సముద్రం తన హద్దు దాటింది కనక జనం పోయారు. ఇందులో తప్పంతా సముద్రానిది. జనం కూడా దేవుళ్లకి మొక్కులు తీర్చడం ఆలస్యం చేశారని పెద్దలంటున్నారు. జరిగినదానికి ప్రభువు ఎంతో బాధపడుతున్నారు. పోయినవాళ్ల గుర్తు చెరిగిపోకూడదు. అందుకని చనిపోయిన ప్రతి మనిషికీ ఒక రాయి పాతుకోవాలని ప్రభువు ఆజ్ఞ. ఈ నేల మీద ఎక్కడ దొరికిన రాయైనా తీసుకోవచ్చు. అడ్డు చెప్పేవాళ్లు లేరు."

రాజు తల ఊపాడు. తన ఆజ్ఞ విని తనకే కళ్లు చెమర్చాయి.

పక్కింటి ముసలామె కర్ర ఊతగా లేచింది. "దొరా, తలుపు దగ్గర మేం అంతసేపు అరిచాం. లోపల ఎవరికీ వినబడలేదా?"

దివాను జాలిగా చూశాడు. "మేడ చాలా దూరం తల్లీ. పైగా అదురుకి అందరం కంగారులో ఉన్నాం. ఎవరికీ వినబడలేదు."

"వినబడింది."

అందరూ అటు తిరిగారు. దర్జీ నిలబడి ఉన్నాడు. పదకొండు రోజుల్లో పేర్లు తప్ప అతని నోట మరో మాట విన్నవాళ్లు తక్కువ.

"నేను లోపలే ఉన్నాను. వినబడింది. నా నోట్లో సూదులున్నాయి. తీసి కింద పారేసి తలుపు తియ్యండి అని అరవాలి. అరవలేదు. ఎంతసేపు పడుతుందని రాజుగారడిగితే రెండు వేళ్లు చూపించాను."

రాజు ముందుకి వంగాడు. "రెండు నిమిషాలన్నావు కదరా!"

"రెండు సూదులు ప్రభూ. రెండు సూదులున్నాయన్నాను."

మసేను భార్య లేచి అతని దగ్గరకి నడిచొచ్చింది. కొడుతుందనుకున్నారు.

"ఏ వేళ్లు?" అంది.

దర్జీ కుడి చెయ్యి ఎత్తి చూపించాడు. ఆమె ఆ వేళ్లని చాలా సేపు చూసింది.

"ఈ వేళ్లతోనే తడిమి నా మొగుడి పేరు చెప్పావు" అంది. అంతే. తిరిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడినట్టు ఎవరూ చూడలేదు.

దివాను సభ ముగిసిందని ప్రకటించాడు.

జనం రాళ్లకోసం బయల్దేరారు. ఒడ్డు పొడుగునా వెతికారు. ఇసుక తప్ప ఏమీ లేదు. వాగు దగ్గర వెతికారు. గట్టు రాళ్లు ఎప్పుడో పోయాయి. రేవు మెట్లు లేవు, గుంజలు లేవు. రెండు గంటలు తిరిగి ఒక్క రాయి లేకుండా తిరిగొచ్చి, కొండ కింద నిలబడి ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

దర్జీ కొండెక్కాడు. మొలలో ఉన్న పెద్ద కత్తెర తీసి గోడ రాళ్ల సందులో పెట్టి గోకాడు. ఉప్పు ఇసుక కలిపిన సున్నం, పైగా ఉప్పునీళ్లలో నానింది. అరిసె పిండిలా రాలింది.

కాపలావాడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఎక్కడ దొరికిన రాయైనా తీసుకోవచ్చన్నారు" అన్నాడు దర్జీ, పని ఆపకుండా.

కాపలావాడు కాసేపు చూశాడు. "అది లోపలికి చాలా దూరం ఉంది, రాదు. ఇదిగో, ఇది వదులుగా ఉంది" అని పక్క రాయి మీద చెయ్యి వేశాడు.

దర్జీ ఆ రాయిని గుండెకి ఆనించుకుని కిందకి మోసుకెళ్లాడు. సరుగుడు చెట్ల పక్కన పెద్ద గోతి దగ్గర దించాడు. ఆమె ఆ గోతిలో ఏ మూల ఉందో తెలీదు. చాలా సేపు అటూ ఇటూ తిరిగి, చివరికి మధ్యలో పాతాడు.

"అచ్చాయమ్మ" అన్నాడు. పెళ్లయ్యాక భార్యని అతను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

అతని వెనక జనం కొండెక్కారు. ఎవరూ అరవలేదు, తోసుకోలేదు. ఒక్కొక్కరూ వచ్చి, పోయిన మనిషి పేరు చెప్పి, ఒక రాయి ఊడదీసుకుని వెళ్లారు. లోవమ్మకి ఒకటి. సింహాద్రికి ఒకటి. పైడితల్లికి ఆమె తండ్రి చిన్న రాయి వెతికాడు, దొరక్క పెద్దదే ఎత్తుకున్నాడు. పేరు తెలియనివాళ్ల కోసం దర్జీయే మళ్లీ మళ్లీ ఎక్కి దిగాడు.

దివాను రాజు దగ్గరకి పరిగెత్తాడు. "ప్రభూ, గోడ తీసేస్తున్నారు. ఆజ్ఞ వెనక్కి తీసుకోండి."

"అందరి ముందూ చదివాం కదయ్యా. ఇప్పుడు కాదంటే ఏం బావుంటుంది? మనిషికొక రాయేగా. ఎంత పోతుందిలే" అన్నాడు రాజు.

మొదటి రోజు గోడ మీద ఆకాశం కాస్త ఎక్కువ కనిపించింది. రెండో రోజు మధ్యాహ్నానికి వసారాలో నిలబడ్డ రాజుకి గోడ మీదుగా కింది నేల కనిపించింది. అన్నేళ్లుగా తన మేడ నుంచి ఒడ్డూ సముద్రమూ చూస్తున్నాడు గానీ, గోడ మరుగున ఉన్న కొండ దారి ఎన్నడూ చూడలేదు. ఆ దారంతా మనుషులు. ఒట్టి చేతులతో ఎక్కేవాళ్లు, రాయి మోసుకుని దిగేవాళ్లు. కింద ఇసుక మీద రాళ్లు వరసలు వరసలుగా, ఊరుండే చోటు దాటి, దిబ్బలుండే చోటు దాటి, నీళ్ల అంచు దాకా ఉన్నాయి.

మూడో రోజుకి పునాది రాళ్లు కూడా తవ్వుకున్నారు. గోడ అయిపోయింది. తలుపొక్కటే చట్రంతో సహా నిలబడి ఉంది, తాళంతో. జనం దానికి ఇటువైపు నుంచీ అటువైపు నుంచీ తోటలోకి వస్తున్నారు.

పోయినవాళ్లు అయిపోలేదు.

అందరికన్నా వెనక పక్కింటి ముసలామె వచ్చింది. కట్టు కట్టిన కాలితో ఎక్కడానికి అంత ఆలస్యమైంది. పునాది గోతిలో మిగిలిన చివరి రాయి దర్జీ తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని చూసింది.

"ఇది కొడుక్కి. ఇంకా కోడలుంది. ఇద్దరు పిల్లలున్నారు" అంది.

దర్జీ చుట్టూ చూశాడు. రాళ్లు లేవు. ముసలామె కర్ర తాటించుకుంటూ గులాబీ అంట్ల మధ్య నుంచి నడిచింది. ఆమె వెనక దర్జీ నడిచాడు. ఇంకా రాయి దొరకనివాళ్లు వాళ్ల వెనక నడిచారు. మేడ ముందు ఆగి, ముసలామె కష్టపడి కిందకి వంగి, మొదటి మెట్టు మీద అరిచెయ్యి వేసి తడిమి చూసింది. చల్లగా, నున్నగా ఉంది. పాత రేవు మెట్ల రాయి అది.

"ఇది మంచి రాయి నాయనా" అంది.

దర్జీ మోకాళ్ల మీద కూచుని మెట్టు సందులో కత్తెర మొన పెట్టాడు.

పైన వసారాలో రాజు లేచి నిలబడ్డాడు. "ఎవర్రా అక్కడ! కాపలా!" అని కేకేశాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ కేకేశాడు.

కాపలావాడు మేడ పక్క నుంచి వచ్చాడు. చేతిలో గునపం ఉంది. మోకాళ్ల దాకా మట్టి ఉంది. రాజుని చూసి, అలవాటు కొద్దీ తల వంచాడు.

"మా అమ్మకి ఇంకా దొరకలేదు ప్రభూ" అన్నాడు.